అన్న పేరు మీద నా రక్తం

మా అన్న ఇలారియోకి ఉన్న జబ్బు కాగితం మీద లేదు. లేకుండా చేసింది నేను. ఈ మాట చివరిదాకా దాచి ఊరించే ఓపిక నాకు లేదు, అందుకే ముందే చెప్పేస్తున్నాను.

మా లోయలో మట్టి ఇటుకల ఇంట్లో పుట్టినవాణ్ణి వించుకా పురుగు కుట్టకుండా వదలదు. గోడ పగుళ్లలో ఉంటుంది, గడ్డి కప్పులో ఉంటుంది, వంటింట్లో కూరకి పెంచే చిన్న గినీ పందులు పడుకునే మూల ఉంటుంది. నిద్రపోయేవాడి ముఖం మీద వాలి కడుపునిండా రక్తం తాగి, అక్కడే రెట్ట వేసి పోతుంది. చాగస్ జబ్బు ఆ రెట్టలో ఉంటుంది. కుట్టినప్పుడు నొప్పి తెలియదు. తర్వాత ఇరవై, ముప్పై ఏళ్లు కూడా ఏమీ తెలియదు. ఆ తర్వాత ఒకరోజు మొక్కజొన్న చేలో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలిపోతాడు. మా నాన్న అలాగే పోయాడు. చెడుగాలి సోకిందన్నారు. రెండేళ్లకి అమ్మ పునాటా సంతలో ఉల్లిపాయల బుట్ట దించుతూ పోయింది. దిగులుతో పోయిందన్నారు. మా ఊళ్లో చావుకి కారణాలు చెప్పేవాళ్లకి ఎప్పుడూ కొదవ లేదు.

నేను తప్పించుకున్నాను. అందులో నా గొప్పేమీ లేదు. నేను పుట్టినప్పుడు అమ్మకి పాలు పడలేదు. చర్చిలో జ్ఞానస్నానమప్పుడు నాకు జ్ఞానతల్లిగా నిలబడ్డావిడకి పునాటాలో సిమెంటు పూత పూసిన ఇల్లుండేది. ఆవిడ నన్ను తీసుకుపోయి పెంచుకుంది. అన్న మట్టి గోడల మధ్య పెరిగాడు, నేను సున్నం వేసిన గోడల మధ్య పెరిగాను. ఇద్దరికీ తేడా అంతే.

పద్దెనిమిదేళ్లప్పుడు సైనిక శిక్షణకి వెళితే అన్నకి రక్తం పరీక్ష చేసి చాగస్ ఉందని చెప్పి, రెండు నెలలకి సరిపడా మాత్రలిచ్చి పంపారు. పదిహేను రోజులకే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. మానేశాడు. "మిగతావి కోళ్లకి వేశాన్రా నికా, అవి కూడా వాసన చూసి వదిలేశాయి" అని నవ్వాడు. ఎక్కడా నొప్పి లేదు, సలుపు లేదు. ఆ మాట అక్కడితో మరిచిపోయాం.

ఆరేళ్ల కిందట కరెంటు సంఘంలో లైన్‌మన్ ఉద్యోగాలు పడ్డాయి. చాగస్ లేదని కాగితం తెమ్మన్నారు. ఆ కాగితం అడగకూడదని చట్టం ఉంది. చట్టం ఉందని అందరికీ తెలుసు, కాగితం కూడా అందరూ అడుగుతారు. నేను పునాటాలో సైకిళ్లూ మోటారు సైకిళ్లూ బాగుచేసుకుంటూ ఉంటాను. ఒక మంగళవారం సంత రోజున అన్న కొట్టుకొచ్చి, నా ఎదురుగా పాత టైరు మీద కూర్చున్నాడు.

"ఒరేయ్ నికా, నీ చెయ్యి ఒక్క పూట అద్దెకిస్తావా?"

"ఏ చెయ్యి?"

"ఏదైనా ఒకటే. సూది దిగితే చాలు."

నాకు వెంటనే అర్థమైంది. మా దగ్గర ఇది కొత్తేమీ కాదు. పెళ్లికి నగలు ఎరువు తెచ్చుకున్నట్టు మావాళ్లు ఉద్యోగానికి రక్తం ఎరువు తెచ్చుకుంటారు. ఒకరికి తమ్ముడు, ఒకరికి బావమరిది. శుభ్రమైన రక్తం ఉన్నవాడికి మా లోయలో మహా గిరాకీ.

"పట్టుకుంటే?"

"నా గుర్తింపు కార్డు చూశావా? ఆ ఫొటోలో ఉన్నది నేనని మీ వదినే ఒప్పుకోదు. నువ్వు కాస్త ఏడుపు ముఖం పెట్టు, అచ్చం నాలాగే ఉంటావు."

ల్యాబులో కూర్చున్న అమ్మాయి పేరడిగింది. ఇలారియో అని చెప్పాను. తలెత్తి కూడా చూడలేదు. సూది దిగుతుంటే నాకెంత సంతోషమేసిందో చెప్పాలి. తను పురుగుల మధ్య పడుకున్న రోజుల్లో నేను హాయిగా పడుకున్నాను. ఇన్నాళ్లకి తనకి ఏదో ఒకటి ఇవ్వగలిగాననిపించింది. ఆ రోజు ఇద్దరం కలిసి చీచా సారా తాగాం. మొదటి చుక్కలు భూమితల్లికి వంచి "మన రక్తానికి!" అని గ్లాసులెత్తాం.

ఉద్యోగం వచ్చింది. అన్న స్తంభాలెక్కాడు. ఎంత గాలివానకి లైను తెగినా తనే పోయేవాడు. నడుముకి బెల్టు, కాళ్లకి ఇనుప కొక్కేలు, కిందనుంచి ఆడవాళ్లు "జాగ్రత్త నాయనా" అంటుంటే పైనుంచి ఏదో ఒక పరాచికం. ఇద్దరు కూతుళ్లు పుట్టారు. మా వదిన దమియానా గోడలకి సిమెంటు పూత వేయించింది. నేను ఇచ్చిన చారెడు రక్తం ఇంతమందికి అన్నం పెడుతోందని లోలోపల మురిసిపోయేవాణ్ణి. అంత మూర్ఖుణ్ణి నేను.

పోయిన సెప్టెంబరులో అన్న స్తంభం కింద బెల్టు కట్టుకుంటూ కళ్లు తిరిగి పడిపోయాడు. నిమిషంలో లేచాడట. తోటివాళ్లు నాకు ఫోను చేస్తే, ఆస్పత్రికి నేనే తీసుకుపోయాను. గుండె డాక్టరమ్మ తెర్రాసాస్ నడివయసు మనిషి, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈసీజీ తీసింది, స్కానింగ్ చేసింది, ఒక రోజంతా ఛాతీకి తీగలు అతికించి ఉంచింది. మర్నాడు కాగితాలన్నీ బల్ల మీద పరిచింది.

"మీ గుండె అడుగు కొస పలచబడి ఉబ్బింది. అక్కడ కండ చచ్చిపోయి మచ్చ కట్టింది. కొట్టుకోమని గుండెకి చెప్పే కరెంటు ఆ మచ్చ దగ్గరికొచ్చి దారి తప్పుతోంది, అక్కడక్కడే గిరగిరా తిరుగుతోంది. కాసేపటికి దానంతటదే ఆగితే మీకు కళ్లు తిరుగుతాయి."

"ఆగకపోతే ఫ్యూజు పోతుంది" అన్నాడు అన్న.

"పోతే తిరిగి వేసేవాడుండడు. నవ్వకండి. ఛాతీలో చిన్న యంత్రం పెట్టించుకోవాలి. గుండె దారి తప్పగానే అది షాకిచ్చి దారిలో పెడుతుంది."

"ఆరేళ్లుగా షాకు తగలకుండా బతకడానికే నానా తంటాలు పడుతున్నాను డాక్టరమ్మా, ఇప్పుడు లోపలే పెట్టుకోమంటారా?"

ఆవిడ నవ్వలేదు. "అది కొనడం మనలాంటివాళ్ల వల్ల కాదు. బయటి దేశం నుంచి ఒక ధర్మసంస్థ ఏడాదికి రెండుసార్లు పంపిస్తుంది. చాగస్ రోగులకి మాత్రమే. రెండు వేరే వేరే పరీక్షల్లో రక్తంలో ఉన్నట్టు తేలాలి. మీ గుండె చూస్తే ఇది చాగసేనని కళ్లు మూసుకుని చెప్తాను. కానీ మీ ఫైలులో లేదని ఉంది, ఆరేళ్ల కిందటి పరీక్ష. లేదని రాసి ఉన్న మనిషి పేరు నేను జాబితాలో ఎలా పెట్టను? ఎక్కడైనా పొరపాటు జరిగిందా?"

బల్ల కింద అన్న బూటు నా పాదం మీద పడింది. నా నోరు కట్టేసింది బూటు బరువు కాదు, భయం. మోసం బయటపడితే అన్న ఉద్యోగం పోతుంది, ఇద్దరం పోలీసు స్టేషనులో కూర్చుంటాం అనుకున్నాను.

"స్తంభాలెక్కడం మాత్రం మానేయండి" అని చెప్పి డాక్టరమ్మ మందులు రాసిచ్చింది.

బయటికొచ్చాక అన్నతో గొడవపడ్డాను. నిజం చెప్పేద్దామన్నాను.

"చెప్పి? మర్నాడే బెల్టూ కొక్కేలూ లాక్కుంటారు. చాగస్ ఉన్నవాడని ముద్ర పడితే మళ్లీ ఈ లోయలో గడ్డి కోసే పని కూడా ఇవ్వరు. నీకేంరా, నీ రక్తం పూజారిగారి రక్తం."

"నువ్వు చచ్చిపోతే?"

"నాన్నకి కాగితముందా? అమ్మకుందా? కాగితం లేకుండానే పోయారు. నేనూ అలాగే పోతాలే. దమియానాకి చెప్పావో, నీకూ నాకూ సంబంధం లేదు."

ఇంట్లో నడుం నొప్పని చెప్పి సెలవు పెట్టాడు. పది రోజులు చూశాను. పదకొండో రోజు మధ్యాహ్నం నా కొట్లో సూపు తాగుతూ చెంచా జారవిడిచాడు. కళ్లు తెల్లగా పైకి తేలాయి. నేను పేరు పెట్టి ఎంత అరిచినా పలకలేదు. తర్వాత ఏమీ జరగనట్టు "సూపులో ఉప్పెక్కువైందిరా" అన్నాడు. కొట్టు మూయకుండా అలాగే వదిలేసి ఆస్పత్రికి పరుగెత్తాను.

డాక్టరమ్మ అంతా విని లేచి నిలబడింది. "మీ ఇద్దరికీ బుద్ధుందా? ఆరేళ్లు! ఆరేళ్ల కిందట నిజం కాగితం ఉండి ఉంటే ఏడాదికోసారి పిలిచి చూసేదాన్ని. గుండె ఇంత చితికిపోకముందే పట్టుకునేదాన్ని. లైను తెగకముందు రావాలా, తెగాక రావాలా?" అంది. తర్వాత కూర్చుని ముఖం రుద్దుకుంది. "అరవడానిక్కూడా టైము లేదు. రేపు పొద్దున్నే తీసుకురండి. మీ చెయ్యి కాదు, ఆయన చెయ్యి."

అన్నని ఒప్పించడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. చెంచా జారిన సంగతి తనకీ భయం పుట్టించినట్టుంది, చివరికి వచ్చాడు. "ఈసారి సొంత చెయ్యే తెచ్చా" అని చొక్కా మడిచాడు. మొదటి పరీక్ష రెండు రోజుల్లో తేలింది, చాగస్ ఉంది. రెండోది కోచబంబా నగరంలో పెద్ద ల్యాబులో చెయ్యాలి. వచ్చే జాబితాకి ఇంకా పద్దెనిమిది రోజులుందనీ, ఆ కాగితం వస్తే తన పేరు మొదట పెడతాననీ డాక్టరమ్మ చెప్పింది.

ఆ మర్నాడే రోడ్లు మూసేశారు.

సాగునీటి కోసం మా రైతు సంఘాలు పిలిచిన బంద్ అది. రోడ్డుకడ్డంగా బండరాళ్లు, యూకలిప్టస్ మొద్దులు, కాలుతున్న టైర్లు. ఇంటికొకరు వెళ్లి కాపలా ఉండాలి. సంఘం పెద్ద పొద్దునా సాయంత్రం పేర్లు పిలుస్తాడు, పలకకపోతే నీళ్ల వంతు పోతుంది. మా ఇంటి తరఫున ఎవరు వెళ్తారు? నేనే వెళ్లాను. మొదటి రెండు రోజులు "ఇలారియో!" అని పిలిస్తే "ఉన్నా" అని పలికాను. కాలువ కోసం అడగడం న్యాయమే. నా చేతులతో నేనే ఒక బండరాయి దొర్లించాను. ఆ రోడ్డు మీద పోవాల్సిన మా అన్న రక్తం ఆస్పత్రి ఫ్రిజ్‌లో ఉందని అప్పుడు నాకు తెలియదు. ముందు రోజే వ్యానులో పోయిందనుకున్నాను.

మూడో రోజు తెలిసింది. నర్సుని ఐసు డబ్బాతో నా మోటారు సైకిలు వెనక ఎక్కించుకుని బయలుదేరాను. రెండు చోట్ల తెలిసినవాళ్లు పోనిచ్చారు. మూడో చోట పొరుగు ఊరివాళ్లు ఆపారు.

"అంబులెన్సుకే దారి."

"ఇది రక్తం మామా. గుండె జబ్బు మనిషిది."

"మనిషి ఎక్కడ?"

"ఇంటి దగ్గర."

"అయితే రక్తానికేం తొందర? నాలుగు రోజులాగి పంపించుకో. నిన్న ఒకడు చేపలకి ఐసు డబ్బా అని చెప్పి బీరు సీసాలు తీసుకుపోయాడు."

నర్సు డబ్బా మూత తెరిచి చూపించింది. వాళ్లలో ఒకడు చిన్న గొట్టాన్ని చూసి, ఇంతదానికి ఇంత గొడవా అన్నట్టు పెదవి విరిచాడు. నేను అరిచాను, కాళ్లు పట్టుకున్నాను. రెండు టైర్లకీ మేకులు దించారు. పంక్చర్లు వేసుకుని బతికేవాణ్ణి, బండిని తోసుకుంటూ ఇంటికి నడిచాను. తప్పు వాళ్లదని నేను అనలేను. రెండు రోజుల ముందు అదే చోట నేనుంటే అదే మాట అని ఉండేవాణ్ణి.

తర్వాత, నీళ్ల వంతు పోతే పోయిందని కాపలా మానేశాను, ఎదురుచూడడం తప్ప పనేమీ లేదు. పొద్దున లేవగానే రేడియో పెట్టేవాణ్ణి, చర్చలు జరుగుతున్నాయనేవాళ్లు. సాయంత్రం పెట్టేవాణ్ణి, చర్చలు ఆగిపోయాయనేవాళ్లు. బళ్లు నడవక కొట్లో బేరం లేదు, రోజంతా అన్న దగ్గరే కూర్చునేవాణ్ణి. తను తింటుంటే చూసేవాణ్ణి, నవ్వితే చూసేవాణ్ణి. "నా ముఖమేమైనా సినిమానా?" అనేవాడు. చొక్కా మీదనుంచి గుండె కొట్టుకోవడం కనిపిస్తుందేమోనని వెతికేవాణ్ణి. ఏమీ తెలియని మా వదిన "ఇద్దరు మగాళ్లు కోడిపెట్టల్లా ఇంట్లో పొదుగుతూ కూర్చున్నారు. నడుం నొప్పికి నెల సెలవా? నలుగురూ నవ్విపోతున్నారు" అని సాధించేది. అన్న నా వైపు చూసి కన్ను కొట్టేవాడు.

బంద్ మొదలైన పదకొండో రోజు, ఎండ నెత్తి మీదికొచ్చింది. ఇద్దరం వాకిట్లో మొక్కజొన్న కండెలు ఒలుస్తున్నాం. లోపల వదిన రోట్లో మిరపకాయలు నూరుతోంది. అన్న నా పెళ్లి మాట ఎత్తాడు.

"ముప్పై రెండేళ్లొచ్చాయి. గ్రీజు వాసన కొట్టే నీకు పిల్లనిచ్చేవాడెవడ్రా? క్లీసాలో ఒకావిడ ఉంది, మొగుడు పోయాడు, రెండు ఆవులున్నాయి. నిన్ను కాకపోయినా నీ రక్తాన్నైనా—"

అంతే. కండె చేతిలోనే ఉంది. మనిషి పక్కకి ఒరిగి గింజల మీద పడ్డాడు.

నేను ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కాను. లైన్‌మన్లకి షాకు తగిలినవాణ్ణి ఎలా బతికించాలో నేర్పిస్తారు, అన్న ఎన్నోసార్లు నన్ను నేల మీద పడుకోబెట్టి చూపించాడు. మోచేతులు వంచకు, ఆపకు, మనిషొచ్చేదాకా ఆపకు అనేవాడు. వదిన రోడ్డు మీదికి పరుగెత్తింది. మనిషొచ్చేదాకా ఆపలేదు. ఎవరొస్తారు? అంబులెన్సు మూడు అడ్డుకట్టలకవతల ఉంది. అంబులెన్సుకి దారిస్తారు, కానీ మొద్దులు తొలగించడానికి కూడా కాసేపు పడుతుంది కదా. నలభై నిమిషాలు నొక్కాను. నా చేతుల కింద ఉన్న గుండెకి కావలసింది ఒక్క షాకని నాకు తెలుసు. మా ఇంటి ముందే మూడు స్తంభాలున్నాయి, తీగల నిండా కరెంటుంది. నేనేం చెయ్యను?

అంబులెన్సు మనిషి నా భుజాలు పట్టుకుని లేపాడు.

పాతిపెట్టిన మూడో రోజు రోడ్లు తెరిచారు. ఏడో రోజు డాక్టరమ్మ ఫోను చేసింది. ఆవిడకి తెలియదు. "వచ్చింది! రెండోది కూడా పాజిటివ్. పేరు జాబితాలో మొదటిది. రేపు తీసుకురండి" అంది. అంత సంతోషంగా ఆవిడ గొంతు ఎప్పుడూ వినలేదు. నేను చెప్పాను. ఆవిడ, మందులు ఇంకాస్త పెంచి ఉండాల్సిందేమో అని తనలో తనే అనుకున్నట్టు అంది. నాకు ఆవిడ మీద జాలేసింది.

ఎనిమిదో రోజు పోయినవాళ్ల బట్టలు ఏటికి తీసుకుపోయి ఉతకాలి. బంధువులంతా వచ్చారు. ఆడవాళ్లు కాస్త ఎగువన దుప్పట్లు ఉతుకుతూ మాట్లాడుకుంటున్నారు. "దాని నోటికే పోయాడు పాపం. నడుం నొప్పి మనిషిని రోజూ పీక్కు తింది" అన్న మాట నీళ్ల మీదుగా మా దాకా వచ్చింది. వదిన విన్నది. చేతిలో అన్న నీలం చొక్కా ఉంది.

"నిజమే మరిదీ. ఆ పొద్దున కూడా తిట్టాను. సోమరిపోతు అన్నాను. కాగితంలో ఏ జబ్బూ లేదు కదా. మరి ఇంకెలా పోతాడు?"

అది వినలేకపోయాను. అంతా చెప్పేశాను. సైన్యంలో పరీక్ష, కోళ్లకి వేసిన మాత్రలు, నేను చాచిన చెయ్యి, డాక్టరమ్మ అడిగినప్పుడు మూసుకున్న నోరు, రోడ్డు మీద దొర్లించిన బండ, ఏదీ దాచలేదు. రాయి తీసుకుని నా తల పగలగొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆవిడ చొక్కాకి సబ్బు రాస్తూనే ఉంది. కాలరు, చేతులు, జేబు. నీళ్లలో జాడించింది. మళ్లీ సబ్బు రాసింది.

"నిన్న సాయంత్రం నర్సొచ్చింది" అంది చివరికి. "ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోవాలంది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు."

"చేయించుకోవాలి వదినా. పిల్లలకి చిన్నప్పుడే మందు వేస్తే నయమైపోతుంది. దద్దుర్లు కూడా అంతగా రావు."

"పిల్లలకి చేయిస్తాను." చొక్కా జేబు తిరగేసి రుద్దింది. "నేను పుట్టింది మిస్కేలో. మా ఇంట్లో గోడ తడితే పురుగులు రాలేవి. నాకు లేకుండా ఎలా ఉంటుంది?"

ఆవిడ చొక్కాని మళ్లీ నీళ్లలో ముంచింది.

"బడిలో వంటమనిషి పనుంది. నాకిస్తామన్నారు. వచ్చే వారం లోపల కాగితం తెమ్మన్నారు." అప్పుడు తలెత్తి నా ముఖంలోకి చూసింది. ఎనిమిది రోజుల్లో నన్ను సూటిగా చూడడం అదే మొదటిసారి. "ఒక్కసారి వస్తావా మరిదీ? ఆడవాళ్ల రక్తమో మగవాళ్ల రక్తమో సీసా చూస్తే తెలీదటగా. ల్యాబులో పనిచేసేది మా మేనత్త కూతురే, చూసీ చూడనట్టు ఊరుకుంటుంది."

"వద్దు వదినా. నీ కాళ్లు పట్టుకుంటాను. అది మాత్రం అడక్కు."

"మీ అన్నకిచ్చావుగా."

ఎత్తిపొడుపుగా అని ఉంటే భరించేవాణ్ణి. మామూలుగా అంది, పొయ్యిలోకి నిప్పు అడిగినట్టు. ఇస్తే ఆవిడ గుండెని ఇక ఎవరూ పట్టించుకోరు. ఇవ్వకపోతే ఆ పసిపిల్లలకి పూట గడవదు. ఎటు చూసినా నా చెయ్యే ఉంది, ఆ చేతిలో నాకు అక్కరకి రాని ఆరోగ్యం ఉంది. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"సోమవారం పొద్దున్న ఏడింటికి. పరగడుపున రమ్మంటారు" అంటూ వదిన తడి చొక్కా ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని, పిండమంది. నేను పిండాను.